గృహమా, గ్రహమా? ఒకేలా వినిపించే మాటలను తప్పు లేకుండా రాయడం ఎలా

తిరుపతిలో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు కంపోజ్ చేయడం నా పని. పని కొత్తలో పాకాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబానికి కొత్తింటి పత్రిక వేసిచ్చాను. మూడొందల కార్డులు. వాళ్లు మూలలకు పసుపు పూసి పంచడం మొదలుపెట్టాక ఆ ఇంటి పెద్దాయన ఒక కార్డు పట్టుకుని అంగడికి వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "ఏం నాయనా, మా ఇంటికి శని గానీ వస్తా ఉండాడా?" అన్నాడు. కార్డు మీద పెద్దక్షరాల్లో 'గ్రహప్రవేశ ఆహ్వానం' అని ఉంది.

గృహం అంటే ఇల్లు. గ్రహం అంటే శనో, కుజుడో. కార్డులన్నీ నా ఖర్చుతోనే మళ్లీ వేశాను.

మామూలు అచ్చుతప్పు కంటికి దొరుకుతుంది. 'ఆహ్వానం' బదులు 'ఆహ్వనాం' అని పడితే చూసినవాళ్లెవరైనా పట్టేస్తారు. గ్రహం అలాంటిది కాదు. అదీ మాటే, దానికీ అర్థం ఉంది. కాబట్టి కంప్యూటర్ కూడా దాని కింద ఎర్రగీత పెట్టదు. ఇలాంటివాటిని పట్టుకోవడానికి నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. జాబితాలు బట్టీ పట్టే పద్ధతి కాదు, జాబితా ఎంత పొడుగున్నా రేపు కస్టమర్ తెచ్చే మాట అందులో ఉండదు. సంబంధం చూసేటప్పుడు పిల్లవాడి ముఖం ఒక్కటే చూసి ఊరుకోం కదా, వాళ్ల చుట్టాలెవరు, ఎక్కడివాళ్లు అని అడుగుతాం. మాటను కూడా అలాగే అడగాలి.

1. ముందు చెవిని పక్కన పెట్టండి

'పలికినట్టే రాయి' అని బడిలో చెబుతారు. తెలుగుకు ఆ మాట చాలావరకు సరిపోతుంది. చిక్కల్లా మనం పలకడంలోనే ఉంది. కథను మనలో చాలామంది 'కధ' అంటాం, తొందరలో 'కద' అంటాం. అర్థం, అర్ధం రెండూ మన నోట్లో ఒకటే. 'శాంతి'లో శ, 'సంత'లో స కొందరి నోట తేడా లేకుండా వస్తాయి. అలాంటి నోటి నుంచి విని రాస్తే చెయ్యి మాత్రం ఏం చేస్తుంది?

చెవి మోసం చేసే చోట్లు ప్రధానంగా అయిదు. ఒత్తక్షరాలు: ద-ధ, త-థ, బ-భ లాంటివి. శ, ష, స. ల, ళ. న, ణ. చివరిది వట్రుసుడి, దీర్ఘాల జట్టు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు పెన్సిలుతో ఈ అక్షరాలున్న మాటల కింద చుక్క పెట్టండి. మొదట్లో పేజీ అంతా అమ్మవారు పోసినట్టు చుక్కలే కనిపిస్తాయి. వారం పోతే సగానికి సగం మాటలు మీకు తెలిసినవే అయిపోతాయి.

కన్ను కూడా అమాయకురాలేం కాదు. ద, ధ, థ పక్కపక్కన పెట్టి చూడండి. ధకు కింద చిన్న గీత, థకు దానితోపాటు కడుపులో ఒక చుక్క. ఆ చుక్కే మొత్తం తేడా. ఇక 'ర్థ'లో అది కిందికి దిగి చిన్న ఒత్తుగా మారితే, ఎనిమిది పాయింట్ల సైజులో చుక్క పూడిపోతుంది. అందుకే ప్రూఫ్ తీసేటప్పుడు నేను ఎప్పుడూ అక్షరాలను రెట్టింపు సైజుకు పెంచి తీస్తాను.

మన జిల్లాలకు ఇంకో సంగతి ఉంది. నగరి, కుప్పం వైపు తమిళం ముందు నేర్చుకున్న పిల్లలు చాలామంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకూ అంతే. కాబట్టి వాళ్లు 'గుడి' రాయబోయి 'కుడి' రాస్తే తిట్టకండి. పైగా ల, ళ దగ్గర వాళ్లు మనకంటే గట్టివాళ్లు. తమిళంలో 'పల్లి' అంటే బల్లి, 'పళ్ళి' అంటే బడి. ఆ తేడా పలకకపోతే అక్కడ పని జరగదు.

2. తెలుగు మాటా, సంస్కృతం మాటా తేల్చండి

సగం తప్పులు ఇక్కడే రాలిపోతాయి. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు ఉండవు. కాబట్టి 'భాగా చదివాడు' తప్పు, 'పెద్ధ' తప్పు, 'ఒద్ధు' తప్పు. బాగా, పెద్ద, వద్దు మన ఇంటి మాటలు, వాటికి భ, ధ లాంటి ఒత్తక్షరం అక్కర్లేదు. బావ తెలుగు చుట్టం, భావం సంస్కృతం. పెళ్లిపత్రికలో 'మా భావ గారు' అని పడిందంటే ఆ ఇంట్లో ఏడాది పాటు నవ్వుకుంటారు.

దీనికి ఒక చక్కని మినహాయింపు అంకెల్లో ఉంది: నలభై, యాభై, ఎనభై, తొంభై. వీటికి భ ఉంది. అరవైకి, డెబ్బైకి లేదు. 'డెభ్భై' అని రాసిన చెక్కులు నేను చూశాను.

సంస్కృతం మాటే అని తేలినా ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చోట్లా పెట్టేసేవాళ్లు, తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. 'భాద', 'భాధ', 'భోధన', 'భాద్యత'. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: సంస్కృత ధాతువులో రెండు ఒత్తక్షరాలు వెంటవెంటనే రావడం దాదాపు లేదు. బ, ధ జట్టు కట్టినప్పుడు ఒత్తు రెండోదానికే. బాధ, బోధ, బంధువు, బుద్ధి, బాధ్యత. భేదం, భద్రం వేరే వంశం, వాటిలో ఒత్తు మొదటే తీరిపోయింది.

వికృతి మాటలు ఈ ఒత్తులను దింపేసుకుంటాయి. ఘంట నుంచి గంట, భాష నుంచి బాస, భోజనం నుంచి బోనం. కాబట్టి గుడిలో 'ఘంట' అన్నా 'గంట' అన్నా తప్పు లేదు. కానీ 'ఘంటన్నర ఆలస్యం' అని రాస్తే కొత్త కోటు వేసుకుని పొలానికి వెళ్లినట్టుంటుంది.

3. మాటకు చుట్టాలెవరో అడగండి

అసలు కిటుకు ఇదే. అనుమానం ఉన్న మాటను ఒంటరిగా చూస్తూ కూర్చుంటే ఎంతసేపటికీ తేలదు. అదే వంశంలో అనుమానం లేని మాట ఒకటి వెతకండి.

అర్థం, అర్ధం తీసుకుందాం. అర్థం అంటే భావం, డబ్బు, కోరిక. దాని చుట్టాలు ఆర్థికం, ప్రార్థన, పదార్థం, స్వార్థం. అడిగేవాళ్లు, కోరేవాళ్లు అందరూ ఈ ఇంటివాళ్లే: విద్యార్థి, అభ్యర్థి, శరణార్థి. అందరికీ కడుపులో చుక్క ఉన్న థ. అర్ధం అంటే సగం. అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు, అర్ధ వార్షిక పరీక్షలు, గుడిలో అర్ధమండపం. హిందీ భక్తులు 'ఆధా' అంటుంటే రోజూ వింటూనే ఉంటాం. ఆ ఆధాలో ఉన్న ధే ఇది. 'అర్థరాత్రి' అని రాస్తే డబ్బున్న రాత్రి అవుతుందేమో గానీ నడిరేయి కాదు.

మద్యం, మధ్య. మద్యం చుట్టం మదం. మదంలో ఒత్తు లేదు, మద్యంలోనూ లేదు. మధ్యకు చుట్టాలు మధ్యాహ్నం, మధ్యవర్తి, మాధ్యమం. కొండమీద మద్యం నిషేధం. అది 'మధ్యం నిషేధం' అయితే భక్తులు ఆ పక్కనో ఈ పక్కనో నడవాలి. 'మద్యాహ్న భోజనం' అని బడి గోడ మీద రాయడం ఇంకా ప్రమాదం.

ప్రదానం, ప్రధానం. ఇవ్వడం మీ ఉద్దేశమైతే చుట్టాలు దానం, దాత. కాబట్టి 'బహుమతి ప్రదానోత్సవం'. ముఖ్యమైనది అని చెప్పాలంటే చుట్టాలు ప్రధాని, ప్రాధాన్యం, ప్రధానోపాధ్యాయుడు. ఆగస్టు 15 వచ్చిందంటే నా దగ్గరికి వచ్చే బడి ఫ్లెక్సీల్లో 'బహుమతి ప్రధానోత్సవం' తప్పకుండా ఒకటి ఉంటుంది. దిద్ది ఇస్తే "సార్ రాసింది మార్చకండి" అని గొడవ పడ్డవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు 'అన్నదానం'లో ద ఎలా రాస్తారో రాసి చూపించమంటాను. తిరుపతిలో ఆ మాట రాయలేనివాళ్లు ఉండరు.

శాకం అంటే కూరగాయ, శాఖ అంటే కొమ్మ. మన ఊళ్లో హోటళ్లకు కొదవ లేదు, 'శుద్ధ శాఖాహారం' అనే బోర్డులకూ కొదవ లేదు. చెట్టు కొమ్మలు తినేది మేకలు. శాకపాకాలు, శాకంభరి ఒక వైపు. శాఖోపశాఖలు, రెవెన్యూ శాఖ ఇంకో వైపు. తినేది కాబట్టి శాకాహారం.

నాకు అన్నిటికంటే భయం వేసే జంట ఆహూతులు, ఆహుతులు. ఆహూతులు అంటే పిలుపు అందుకుని వచ్చినవాళ్లు, ఆహ్వానం వాళ్ల చుట్టం. ఆహుతి అంటే హోమంలో అగ్నికి వేసేది. 'సభకు విచ్చేసిన ఆహుతులకు వందనం' అంటే వచ్చినవాళ్లందరినీ నిప్పులో వేసి దండం పెట్టినట్టు. ఒక్క దీర్ఘం ఎంత పని చేసిందో చూడండి.

ఇదే పద్ధతిలో త్వరగా మరికొన్ని. ఫలితం చుట్టం ఫలం. పలితం అనే మాట కూడా ఉంది, నెరిసిన వెంట్రుక అని అర్థం. 'పదో తరగతి పలితాలు' చూసి తల్లిదండ్రులకు జుట్టు నెరవడం వేరే విషయం. పథకం ప్రభుత్వం పెట్టేది, పతకం మెడలో వేసేది. ఆస్తి ఇల్లూ పొలమూ, అస్థి ఎముక. అస్థిపంజరం, అస్థికలు దాని చుట్టాలు. 'ఆస్థి' అనే రూపంతో ఆస్తి లేదు. కరం అంటే చెయ్యి, ఖరం అంటే గాడిద. 'మంత్రిగారి ఖరకమలములచే ప్రారంభం' అని వేసిన ఫ్లెక్సీ కట్టాక దింపడం కష్టం. దార అంటే భార్య, ధార అంటే కారేది. వానాకాలం కపిలతీర్థంలో కొండ మీదినుంచి దూకేది ధారే.

వర్ధంతి గురించి ఒక మాట. దీన్ని వర్థంతి, వర్దంతి అని రకరకాలుగా రాస్తారు. వర్ధిల్లు, అభివృద్ధి దీని చుట్టాలు, కాబట్టి ధ. పెరగడం అనే అర్థమున్న వంశంలోని మాట తెలుగులో పోయినవాళ్ల రోజుకు స్థిరపడటం విచిత్రమే. అర్థం ఇల్లు మారినా రాత పుట్టింటిదే.

4. శ, ష, స: పక్కింటివాళ్లను చూడండి

ఈ మూడింటికీ సంయుక్తాక్షరంలో ఒక నియమం ఉంది. నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, జీవితాంతం పనికొస్తుంది. చ, ఛ పక్కన శ: నిశ్చయం, ఆశ్చర్యం, పశ్చిమం. ట, ఠ, ణ పక్కన ష: కష్టం, నిష్ఠ, కృష్ణుడు, విష్ణువు. త, థ పక్కన స: హస్తం, వస్తువు, స్థానం.

అక్కడే ఇంకో మెలిక. స పక్కన త రావాలా, థ రావాలా? నిలబడటం, ఉండటం అనే అర్థముంటే థ: స్థలం, స్థిరం, సంస్థ, దేవస్థానం. పొగడటం ఉంటే త: స్తుతి, స్తోత్రం. ధ్వజస్తంభం నిలబడే ఉంటుంది గానీ దానికి థ లేదు. స్తంభించడం దాని చుట్టం. ఈ ఒక్కటీ నియమం చూసి కాక గుర్తుపెట్టుకునే రాయాలి.

ఒంటరి అక్షరాలైతే మళ్లీ అర్థం దగ్గరికే వెళ్లాలి. సకలం అంటే అన్నీ, శకలం అంటే ముక్క. లాడ్జి బోర్డు మీద 'శకల సౌకర్యాలు' అని ఉంటే గదిలో కుళాయి విరిగి ఉంటుందని ముందే చెప్పినట్టు. భాషించడం మాట్లాడటం, భాసించడం వెలగడం. ఆసనం కూర్చునేది, అశనం తినేది. చిత్తూరు పాడిపశువుల జిల్లా కాబట్టి ఇది మనకు మరీ అవసరం: రెండు జాతులు కలిపి పుట్టించినది సంకర జాతి ఆవు. సంతలో 'శంకర జాతి ఆవు' అని కరపత్రం పంచితే నంది గుర్తుకు రావాలి గానీ జెర్సీ కాదు.

5. ల, ళ: ఏకవచనం అడగండి

ఒత్తక్షరాల తర్వాత ఎక్కువ తప్పులు పడే చోటు ఇది. ఇక్కడ అచ్చ తెలుగు మాటలు కూడా ఇరుక్కుంటాయి కాబట్టి రెండో సూత్రం పనిచేయదు.

ముందు బహువచనం సంగతి. చివర లు, ల్లు, రు, డు, న్ను ఉన్న చాలా మాటలు బహువచనంలో ళ్లు అవుతాయి. కాలు, కాళ్లు. ఇల్లు, ఇళ్లు. ముల్లు, ముళ్లు. ఊరు, ఊళ్లు. గుడి కూడా ఇదే దారిలో గుళ్లు అవుతుంది. కన్ను, కళ్లు. కాబట్టి 'రెండు ఇల్లు అద్దెకు ఇవ్వబడును' తప్పు, 'ఒక ఇళ్లు' ఇంకా తప్పు. అనుమానమొస్తే 'ఒకటి ఏమంటారు?' అని అడగండి. ఒకటి కన్ను అయితే రెండు కళ్లు. ఒకటి, రెండు అని లెక్కపెట్టలేకపోతే అది తాటిచెట్టు నుంచి దించే కల్లు. 'ఉచిత కల్లు పరీక్షలు' అని శిబిరం పెడితే జనం బాగానే వస్తారు.

మన వైపు మాట ఇక్కడ సాయం చేస్తుంది. మన పెద్దవాళ్లు కండ్లు, ఇండ్లు, ఏండ్లు అంటారు. నోట్లో 'ండ్లు' పలికే చోట రాతలో ళ్లు వస్తుంది, కల్లును ఎవరూ 'కండ్లు' అనరు. చెట్టు వేర్లు, చేతి వేళ్లు అని కూడా మనం విడదీసే అంటాం. పుస్తక భాషలో రెండూ వేళ్లు అయిపోయి పిల్లలు తికమకపడతారు. 'వేర్లు' అని రాస్తే కొందరు పంతుళ్లు గీత గీస్తారు గానీ, అర్థం విడివడుతుంది కాబట్టి నేను రాయనిస్తాను.

పన్ను మరీ తమాషా. నోట్లోదీ పన్నే, మున్సిపాలిటీకి కట్టేదీ పన్నే. బహువచనంలో రహస్యం బయటపడుతుంది: నోట్లోవి పళ్లు, కట్టేవి పన్నులు.

బహువచనం కాని జంటలు కొన్ని ఉన్నాయి, వీటికి దగ్గరి దారి లేదు. కల నిద్రలో, కళ ముఖంలో. 'పెళ్లికళ వచ్చేసింది' అనాల్సిన చోట 'పెళ్లికల' అంటే ఇంకా సంబంధం కుదరలేదని. వెల ధర, వేల అంటే వెయ్యికి పైమాట, వేళ సమయం. 'దర్శన వేళలు' సరైనది. వెళ్లి అంటే పోయి, వెల్లి అంటే వరద. సంతోషం వెల్లివిరుస్తుంది, వెళ్లి విరవదు. పల్లం లోతు నేల, పళ్లెం అన్నం తినేది.

ఊరి పేర్లలోనూ ఇదే జాగ్రత్త. శ్రీకాళహస్తి పేరులో స్థలపురాణం మొత్తం ఉంది: శ్రీ సాలెపురుగు, కాళ పాము, హస్తి ఏనుగు. 'శ్రీకాలహస్తి' అని రాస్తే పాము జారిపోయింది.

6. న, ణ

సంస్కృత మాటల్లో ర, ష, ఋ వచ్చాక అదే మాటలో న రావాల్సి ఉంటే అది ణ అవుతుంది: తోరణం, ఆభరణం, గ్రహణం, పుష్కరిణి. మధ్యలో చ, ట, త వర్గాల అక్షరాలు గానీ, శ, స, ల గానీ అడ్డు నిలబడితే న అలాగే ఉంటుంది. అందుకే దర్శనం, అర్చన, ప్రార్థన, కీర్తన అన్నీ మామూలు న. ఈ నియమం మామూలుగా ఒక మాట గడప దాటి ఇంకో మాటలోకి వెళ్లదు. నారాయణవనం చూడండి, 'నారాయణ'లో ణ, 'వనం'లో న. శ్రీనివాసుడికి న ఉండటానికీ కారణం అదే, శ్రీ వేరు, నివాస వేరు.

తెలుగు మాటలకు ఈ లెక్క పట్టదు. అణువు సంస్కృతమే అయినా అందులో ర, ష, ఋ లేవు, కాబట్టి అణువు, అనువు విడివిడిగా గుర్తుంచుకోవాల్సిందే. కాణిపాకాన్ని 'కానిపాకం' అని రాసిన బస్సు బోర్డు చూస్తే నాకు అరిసెల పొయ్యి గుర్తొస్తుంది, పాకం ఇంకా రాలేదని.

ఇక పరిమాణం, పరిణామం. వీటిలో న, ణ తగాదా లేదు, అక్షరాలు చోటు మారాయంతే. పరిమాణం కొలత, దాని చుట్టం ప్రమాణం. పరిణామం మార్పు. పేపర్లలో 'తాజా పరిమాణాలు' అని చదివినప్పుడల్లా టేపు తీసుకుని కొలవాలనిపిస్తుంది.

7. వట్రుసుడి, దీర్ఘం

గృహానికి వట్రుసుడి, గ్రహానికి క్రారవడి. గృహిణి, గృహస్థు మొదటిదానికి చుట్టాలు. రెండోదానికి విగ్రహం, అనుగ్రహం, ఆగ్రహం. ఈ చివరి రెండూ కలిసిపోకుండా చూసుకోండి. 'స్వామివారి ఆగ్రహంతో మా అబ్బాయి వివాహం' అని అచ్చయితే పెళ్లికొడుకు పారిపోతాడు.

మాతృ అంటే తల్లి, మాత్ర అంటే మందుబిళ్ల. కృతజ్ఞత మేలు గుర్తుంచుకోవడం, కృతఘ్నత మేలు మరిచిపోవడం. జ్ఞ అంటే తెలియడం, ఘ్న అంటే చంపడం. నాయకుడికి ధన్యవాదాల ఫ్లెక్సీ వేసేటప్పుడు ఈ అక్షరాన్ని రెండుసార్లు చూడండి.

దీర్ఘాల్లో తిరుపతివాళ్లకు తప్పక తెలియాల్సింది ప్రసాదం, ప్రాసాదం. మొదటిది లడ్డూ, రెండోది రాజభవనం. శ్రద్ధ పనిమీద పెట్టేది, శ్రాద్ధం పెద్దలకు పెట్టేది. 'శ్రాద్ధగా చదువుకోవాలి' అని ఎవరూ పిల్లలకు చెప్పరు కదా.

ప్రదక్షిణ కూడా ఇక్కడే. 'ప్రదక్షణ' అని రాస్తారు, రక్షణ గుర్తొచ్చి కాబోలు. దక్షిణ చుట్టం, కాబట్టి క్షకు గుడి ఉండాలి.

8. రాత కూడా ఒకటే అయితే

ఇక్కడ అక్షరం చూసి లాభం లేదు, వాక్యమే దిక్కు. మన అంకెల్లో కొన్ని ఇలాంటివే. మూడు, ఆరు, ఏడు, నూరు: నాలుగూ అంకెలే, నాలుగూ పనులే. కాలం మూడుతుంది, బట్టలు ఆరుతాయి, పిల్లవాడు ఏడుస్తాడు, అల్లం నూరుతాం. చెప్పు కాలికీ ఉంది, నోటికీ ఉంది. గుండు కొండమీద చేయించుకునేది, ఫిరంగిలో పెట్టేది. ఏడు అంటే సంవత్సరం కూడా. పాత రాతలో సంవత్సరానికి అరసున్న పెట్టి 'ఏఁడు' అని విడదీసేవాళ్లు, 'వాఁడు' అంటే మనిషి, 'వాడు' అంటే వాడిపోవడం. అరసున్న పోయాక ఆ భారం వాక్యం మీద పడింది.

చేయాల్సింది ఒకటే, రెండర్థాలు వచ్చే చోట పక్క మాట మార్చండి. 'చెప్పులు ఇక్కడ' బదులు 'చెప్పులు ఇక్కడ విడవండి' అంటే సరిపోతుంది. 'పాలు ఇస్తాను' అంటే లీటరు పాలా, ఆస్తిలో పాలా? దస్తావేజు అయితే 'వాటా' అని రాయండి, కోర్టు ఖర్చు మిగులుతుంది.

9. ఫోన్‌ను నమ్మకండి, నిఘంటువును సగం నమ్మండి

ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే కీబోర్డుల్లో కల, కాల, కళ మూడూ వరుసగా చూపిస్తుంది. మన వేలు మొదటిదాన్ని నొక్కేస్తుంది. మాట్లాడితే రాసే సదుపాయం ఇంకా కష్టం, అది వినేది మన నోటినే. తెలుగు అక్షరాలే ఉన్న కీబోర్డు నేర్చుకుంటే థ, ధ ఎంచుకునే పని మీ చేతికే వస్తుంది. నాకు అలవాటు కావడానికి నెల పట్టింది.

నిఘంటువుకు ఆంధ్రభారతి వెబ్‌సైట్ చాలు, శబ్దరత్నాకరం లాంటి పాత నిఘంటువులన్నీ ఒకేచోట వెతకవచ్చు. అక్కడ రెండు జాగ్రత్తలు. పాత నిఘంటువుల్లో మాటలు 'ము'తో ముగుస్తాయి, కాబట్టి 'గృహం' దొరక్కపోతే 'గృహము' అని వెతకండి. రెండోది, మాట కనిపించగానే సంతోషపడి మూసేయకండి. గ్రహమూ అందులో ఉంటుంది, పలితమూ ఉంటుంది. అర్థం చదివాకే మూయండి.

కొన్ని చోట్ల తగువు పెట్టుకోవడం అనవసరం. సంస్కృతంలో కల్యాణం, తెలుగులో చాలామంది రాసేది కళ్యాణం. కళ్లు, కళ్ళు రెండూ నడుస్తున్నాయి. ఒక కాగితంలో మొదటినుంచి చివరిదాకా ఒకటే పద్ధతి ఉంటే చాలు. పెళ్లివారు 'కళ్యాణం' కావాలంటే నేను మారు మాట్లాడను.

10. ప్రూఫ్

తెలుగులో తిరుపతి క్షవరం అని ఒక మాట ఉంది. ఒకడికి సగం గొరిగి, ఇంకొకణ్ని కూర్చోబెట్టి, వాడికీ సగం గొరిగి మూడోవాడి దగ్గరికి వెళ్లడం. ప్రూఫ్ మాత్రం అలా చూడకూడదు. ఒక విడతలో ఒక్క రకం తప్పు మాత్రమే వెతకండి. మొదటిసారి ఒత్తులు, రెండోసారి శషసలు, మూడోసారి లళలు. అన్నీ ఒకేసారి చూద్దామంటే కన్ను అర్థం వెంట పరిగెత్తి అక్షరాన్ని వదిలేస్తుంది. చివరి వాక్యం నుంచి వెనక్కి చదువుకుంటూ రావడం కూడా ఇందుకే, కథ తెగిపోతుంది, మాట మిగులుతుంది.

అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికను చివర్లో విడిగా చూడండి. తప్పు దొరకనిది అక్కడే. కింద ఫోన్ నంబరు నాలుగుసార్లు చూసుకుంటాం, పైన 'గ్రహప్రవేశం' ఎవరికీ కనిపించదు.

ఆ తర్వాత రాసినవాళ్లు కాకుండా ఇంకొకరి చేత చదివించండి. ఇంట్లో అవ్వా తాతలుంటే మరీ మంచిది, వాళ్లు అక్షరాన్ని కూడబలుక్కుని చదువుతారు. నేనైతే ప్రూఫ్ కాగితం మీద కస్టమర్ సంతకం తీసుకోనిదే మిషన్ ఎక్కించను. ఆ పాకాల పెద్దాయన మనవరాలి పెళ్లిపత్రికకు కూడా నా దగ్గరికే వచ్చాడు. కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. పేజీ మధ్యలో ఆగి, "ఇక్కడ 'వధువు' బాగానే ఉండాది, కింద 'వదువు' అని పడిందే?" అన్నాడు. నేను మూడుసార్లు చూసిన కాగితం అది.